యుస్తీనా కొమ్ము

సోచా నది లోయలో
ఏ వస్తువూ పుట్టిన పనికే కట్టుబడి ఉండదు.
ఎప్పటిదో యుద్ధం వదిలిపోయిన ఇనుప టోపీలో
యుస్తీనా కోళ్ళు నీళ్ళు తాగుతాయి.
తూటా చేసిన కన్నాన్ని ఆవిడే మైనంతో పూడ్చింది.
ముళ్ళకంచెను మోసిన మెలికల ఊచలు
వేసవిలో చిక్కుడు తీగల్ని మోస్తాయి,
హోదా తగ్గిందని ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా.

నేను మంగళవారాలు వెళ్తాను,
టోల్మిన్ ఆరోగ్య కేంద్రం కారులో.
బీపీ చూసి, మాత్రలు లెక్కపెట్టి, కాగితం నింపి
ఇరవై నిమిషాల్లో లేవాలి.
కాగితంలో పద్నాలుగు గడులు.
ఏ గడిలోనూ పట్టని మాటలు
ముసలివాళ్ళు చెబుతూనే ఉంటారు.
నేను రాసుకుంటూ ఊ కొడతాను.
ఎంత బాగా కొడతానంటే
నిద్రలో కూడా కొడతానని మా ఆయన అంటాడు.

యుస్తీనా మంత్రసాని.
నలభై ఏళ్ళు ఈ కొండ ఊళ్ళ కడుపుల మీద
పియర్ చెక్క కొమ్మును ఆనించి విన్నది.
వెడల్పు మూతి తల్లి వైపు,
సన్నటిది తన చెవి వైపు,
మధ్య జానెడు చీకటి,
ఆ చీకట్లో పరుగెత్తే చిన్న గుర్రం.
తర్వాత కాన్పులన్నీ పట్నం దారి పట్టాయి.
కొన్నాళ్ళు కొమ్ము గరాటు అయింది,
ప్లమ్ సారా సీసాల్లోకి వంపడానికి.
"దానికీ కాస్త సరదా ఉండాలిగా" అంటుంది.

ఒక జనవరిలో, మోకాలి లోతు మంచులో,
తేనెపెట్టెల ముందు నిలబడిపోయిందట.
మూత తీస్తే చలికి ఈగలు చస్తాయి.
తీయకపోతే బతికున్నాయో లేదో తెలీదు.
అప్పుడు తట్టింది:
తెరవకుండా వినడమే కదా
నేను బతుకంతా చేసిన పని!

పెట్టె గోడకి కొమ్ము ఆనించి
వేలి కణుపుతో ఒక్కసారి తడుతుంది.
లోపల హోరు గుప్పున లేచి చప్పున అణిగితే
రాణి ఉన్నట్టు.
అణగకుండా సాగి, సాగి,
ఎవరినో పిలిచి పిలిచి గొంతు పోయినట్టుంటే
లేనట్టు.

పోయిన మంగళవారం ఆల్బిన్ ఉన్నాడు అక్కడ.
ఎగువ ఊరివాడు, రంపపు మిల్లులో రెండు వేళ్ళు పోయినవాడు.
ముందు రోజే పెట్టెను మంచుబండి మీద తెచ్చి,
కుదుటపడాలని రాత్రంతా ఆవిడ వసారాలో వదిలాడు.
యుస్తీనా విన్నది. మళ్ళీ విన్నది.
"రాణి లేదు" అని వచ్చి
నా ముందు కూర్చుని చెయ్యి చాపింది.

ఆల్బిన్ పోలేదు.
పంచదార ధర ఎత్తుకున్నాడు.
తర్వాత పక్కవాడి కంచె. తర్వాత మిల్లు బెల్టు,
అది తెగినప్పుడు చేసిన చప్పుడు.
యుస్తీనా ఊ కొట్టలేదు. తలాడించలేదు.
కొమ్ము ఒళ్ళో పెట్టుకుని,
అతని మాట ఆగిన చోట తనూ ఆగి,
ఆ ఖాళీలో తన మాట ఒక్కటీ వెయ్యకుండా కూర్చుంది.
నేను పట్టీ చుట్టి, చెవుల్లో స్టెతస్కోపు పెట్టి, గాలి కొట్టాను.
నాకు వినిపిస్తున్నది
ఆవిడ మోచేతి మడతలో నెత్తురు ఒక్కటే.
ఎదురుగా అతని పెదాలు ఆగాయి.
చాలాసేపు ఆగాయి.
మళ్ళీ కదిలాయి, వేరే రకంగా.

వినడానికి
చెవుల్లోంచి గొట్టాలు తీసేశాను.

"...ఆర్పను" అంటున్నాడు ఆల్బిన్.
"నవంబరు నుంచీ ఆర్పలేదు.
ఆమె వైపు దీపం."

పట్టీలోంచి గాలి తనంతట తనే పోయింది.
బయట ఇనుప టోపీలో గడ్డకట్టిన నీటి మీద
కోడి ముక్కు టక్కుమంది.
ఎంతసేపటికో యుస్తీనా అంది:
"మార్చి దాకా ఇక్కడే ఉండనీ.
ఎండ వచ్చాక నా పెట్టెలో కలుపుదాం."
ఈగల గురించే అనుకుంటాను.

కారులో కూర్చుని కాగితం నింపాను.
పద్నాలుగు గడుల్లో పదమూడు.
బీపీ దగ్గర గీత పెట్టాను.
కారణం అడిగిన చోట
"పరికరం వేరే పనిలో ఉంది" అని రాసి,
కొట్టేసి,
మళ్ళీ అదే రాశాను.